చెరువుల మ్యాప్‌లో పాఖాల చెరువు ఒక్కటే కనబడుతోంది, కుంటలు కనబడట్లేదు. ఎలా సరిచేయాలి?

కుంటకట్ట:

అందరికీ నమస్కారం. నర్సంపేట, ఖానాపురం మండలాల చెరువులు, కుంటల మ్యాప్‌ను క్యూజీఐఎస్ అనే మ్యాప్‌ల సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాను. ఏ3 కాగితం అడ్డంగా, స్కేలు 1:75,000. తూర్పు పడమరలుగా దాదాపు 28 కిలోమీటర్లు పట్టాలి. ఏ చెరువు మత్తడి (అలుగు) పోస్తే నీళ్లు ఏ చెరువులోకి పోతాయో రైతుకు చూడగానే తెలియాలి. ఈ మ్యాప్ ఉన్నది అందుకే. దీన్నే పంచాయతీ ఆఫీసుల దగ్గర పెట్టడానికి 4×3 అడుగుల ఫ్లెక్సీగా కూడా వేయించాలి.

ప్రస్తుతం అడుగున ఉపగ్రహ చిత్రం ఉంది. దాని మీద చెరువులు ముదురు నీలం, ఊరి హద్దులు నలుపు, రోడ్లు ఎరుపు, ఆయకట్టు ఆకుపచ్చ. కుడివైపు పాఖాల పెద్ద నీలి ముద్దలా ఉండి చూపునంతా లాగేస్తోంది. ఎడమవైపు గొలుసుకట్టు కుంటలు చుక్కల్లా మిగిలాయి. పేర్లు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి, వత్తులు తెగుతున్నాయి. ‘ఊర చెరువు’ అన్న పేరైతే ఏడు చోట్ల ఉంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

నీలిగీత:

ముందు ఉపగ్రహ చిత్రం తీసేయండి. దానిలో పొలాల గట్లు, చెట్ల నీడలు, ఇళ్ల కప్పులు అన్నీ ఉంటాయి. మీరు గీసిన ప్రతి గీతా వాటితో పోటీ పడాల్సి వస్తుంది. నేలకు చాలా లేత గోధుమరంగు, ఆర్‌జీబీ 250, 248, 242 దగ్గర పెట్టి చూడండి.

తర్వాత మ్యాప్‌లో ఏది ముందు కనబడాలో తేల్చుకోండి. మీ పని నీటి దారి చూపడం. కాబట్టి చెరువులు, వాగులు, వాటిని కలిపే కాలువలు మొదటి వరుస. చెరువుల పేర్లు, ఊళ్ల పేర్లు రెండో వరుస. రోడ్లు, హద్దులు, ఆయకట్టు వెనక ఉండాలి. రోడ్లకు ఎరుపు వద్దు, మధ్యస్థ బూడిద రంగులో 0.3 మి.మీ. చాలు. ఊరి హద్దుకు లేత బూడిదలో 0.15 మి.మీ. చుక్కల గీత పెట్టండి. ఆయకట్టు ఎంత లేతగా ఉండాలంటే, వెతికితేనే దొరకాలి.

పాఖాల సంగతికొస్తే, దాని విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు అనుకుంటే మీ స్కేలులో 53 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. ఒక ఎకరం కుంట ఒక చదరపు మిల్లీమీటరు కూడా కాదు, 0.7 మాత్రమే. రెండింటికీ ఒకే ముదురు నీలం పూస్తే జరిగేది మీరు చూస్తున్నదే. అలాగని పాఖాలకు ఒక నీలం, కుంటలకు ఇంకో నీలం ఇవ్వకండి. చూసేవాళ్లు అది లోతు తేడా అనుకుంటారు.

అన్నిటికీ ఒకే గుర్తు పెట్టండి: లోపల లేత నీలం (200, 222, 238), చుట్టూ 0.25 మి.మీ. ముదురు నీలి గీత (30, 85, 140). ఎకరం కుంట కాగితం మీద 0.85 మి.మీ. చదరం. గీత సగం లోపలికి, సగం బయటికి పడుతుంది కాబట్టి ఆ చుక్కలో దాదాపు 70 శాతం ముదురు నీలమే ఉంటుంది. పాఖాలలో అదే గీత అంచున సన్నగా ఉండిపోతుంది, మధ్యంతా లేతగా పరుచుకుంటుంది. రంగు మార్చకుండానే పెద్దదాని బరువు తగ్గి, చిన్నదానికి బలం వస్తుంది.

ఒక్క జాగ్రత్త. లేత రంగు కోసం పారదర్శకత పెంచకండి, నేరుగా లేత రంగే ఎంచుకోండి. పారదర్శకత, బ్లెండింగ్ పెట్టిన లేయర్ పీడీఎఫ్‌లో గీతలుగా కాక బొమ్మగా మారిపోయే అవకాశం ఉంది. అప్పుడు ఫ్లెక్సీ మీద అంచులు మసకబారతాయి.

మత్తడిగుర్తు:

నీలిగీత గారు చెప్పిన రంగులు బాగున్నయి గని, ఎకరం కుంటకు అది సరిపోదు. ఫ్లెక్సీ మీద పర్వాలేదు, ఏ3 జిరాక్స్ తీస్తే ఆ చుక్క మచ్చ లెక్క కనబడతది. 3 ఎకరాల లోపు కుంటలను వేరే లేయర్‌గా తీసి 1.5 మి.మీ. గుండ్రటి గుర్తు ఇయ్యండి. సూచికలో ‘3 ఎకరాల లోపు కుంట, గుర్తు కొలత ప్రకారం కాదు’ అని రాయండి. పెద్దగ చేసి చూపెట్టుడు తప్పు కాదు, చెప్పకుండ చేసుడు తప్పు.

అసలు మీ మ్యాప్‌ల కట్ట ఏది? మీరు రాసినదాంట్ల చెరువు, ఆయకట్టు ఉన్నయి, కట్ట లేదు. నీటి దిక్కు చెప్పేది కట్టనే. కట్ట ఎటుంటే పల్లం అటు. 6 మీటర్ల కట్ట 1:75,000లో 0.08 మి.మీ. వస్తది, అది అచ్చుల నిలవదు. అందుకని చెరువు దిగువ అంచు మీద 0.7 మి.మీ. ముదురు గోధుమ గీత వేయండి. ఒక్క గీతతోటి ఏ చెరువు ఎటు వాలిందో తెలిసిపోతది. బాణాలు సగం తగ్గుతయి. తూములు ఈ స్కేలుల వద్దు, ఇరుకైతది. మత్తడి మాత్రం ఉండాలె: కట్ట చివర 1.5 మి.మీ. ఎర్ర అడ్డగీత, అక్కడి నుంచి కింది చెరువుకు వాగు గీత. మ్యాప్ మొత్తంల ఎరుపు దీనికొక్కదానికే వాడండి.

వాగు గీత పైన 0.2 మి.మీ. మొదలై, కిందికి పోతాంటే 0.6 దాకా లావు కావాలె. మూడు మెట్లు చాలు. బాణం గుర్తులు 25 మి.మీ.కు ఒకటి పెట్టండి, అంతకన్న దగ్గరైతే ముళ్లకంచె లెక్క అయితది. బాణం గీత గీసిన దిశల పోతది. ఎవరన్న దిగువ నుంచి ఎగువకు గీసి ఉంటే నీళ్లు గుట్ట ఎక్కుతయి. రివర్స్ లైన్ టూల్‌తో తిప్పండి. తప్పులు పట్టాలంటే ప్రతి గీత మొదలు, చివర ఎత్తులు ఎస్‌ఆర్‌టీఎమ్ అనే నేల ఎత్తుల డేటా నుంచి తీసి పోల్చండి. తేడా 5 మీటర్ల కన్న తక్కువుంటే ఆ డేటాను నమ్మొద్దు, దాని పొరపాటే అంత ఉంటది. అసుంటి చోట చెరువు నీళ్లు చూసుకునే ఊరి నీరటికాన్ని అడుగుడే సరైన దారి.

గుడిదీర్ఘం:

పేర్ల గురించి నేను చెబుతాను. ఇంగ్లిష్ మ్యాపుల్లో నీటి పేర్లను వాలు అక్షరాల్లో వేస్తారు. తెలుగు ఫాంట్లలో చాలావాటికి అసలైన వాలు రూపం లేదు. సాఫ్ట్‌వేర్ బలవంతంగా వంచితే గుడులు పక్క అక్షరం మీద వాలతాయి. నీటి పేర్లను ముదురు నీలంలో, ఊళ్ల పేర్లను నలుపుకు దగ్గరి బూడిదలో నిటారుగానే వేయండి. రంగు తేడా చాలు. నోటో సాన్స్ తెలుగు గానీ, మండలి గానీ ఒక్కటే తీసుకొని సైజులతో తేడా చూపండి: మండల కేంద్రం 12 పాయింట్లు బోల్డ్, ఊరు 9, పెద్ద చెరువు 10, కుంట 8. ఎనిమిదికి తగ్గితే ‘క్ష్మ’, ‘స్త్ర’ లాంటి వాటిలో కింది వత్తు ముద్దవుతుంది.

వత్తులు తెగడానికి కారణం చాలాసార్లు బఫర్, అంటే పేరు చుట్టూ వేసే అంచు. బఫర్ పెట్టగానే అప్రమేయంగా 1 మి.మీ. తెల్లటిది వస్తుంది. ఒక పేరు బఫర్ పక్క పేరు వత్తును, కింది వాగును కొరికేస్తుంది. 0.4 మి.మీ.కు తగ్గించి, తెలుపుకు బదులు నేల రంగు పెట్టండి. రెండు వరుసల పేరుకు లైన్ ఎత్తు 1.4 ఉంచండి, లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. అక్షరాల మధ్య ఎడం సున్నా. పాఖాల పెద్దది కదా అని ‘పా ఖా ల’ అని సాగదీసి రాయకండి. ఇంగ్లిష్‌లో నప్పే ఆ పద్ధతి తెలుగులో పదాన్ని ముక్కలు చేస్తుంది. 14 పాయింట్లలో నీళ్ల మధ్య ఒక్కసారి రాస్తే సరిపోతుంది.

వాగు పేరును వంపు లేబుల్‌గా పెట్టినప్పుడు అక్షరం నుంచి వత్తు విడిపోతే వంపు మానేసి, వాగు తిన్నగా ఉన్నచోట సమాంతర లేబుల్ పెట్టండి.

ఏడు ఊర చెరువుల విషయం: పేరు కింద 7 పాయింట్లలో ఊరి పేరు వేయడం మామూలుగా చేసేది. కానీ అప్పుడు చిన్న అక్షరం సమస్య మళ్లీ వస్తుంది, పైగా ఊరి పేరు రెండుసార్లు పడుతుంది. నేనైతే ఊరి పేరుకు ఆనుకొని ఉన్న ఊర చెరువుకు పేరే రాయను. సూచికలో ‘పేరు లేని చెరువు ఆ ఊరి ఊర చెరువు’ అని ఒక వరుస పెడితే ఏడు పేర్లు తగ్గుతాయి.

డేటాలో పేర్లు యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైప్ చేసినవైతే ముందే యూనికోడ్‌లోకి మార్చుకోండి. లేకపోతే ఈ సలహాలేవీ పనిచేయవు.

కుంటకట్ట:

చాలా థ్యాంక్స్. కట్ట గీత వేయగానే మ్యాప్ మారిపోయింది, నిజంగా నీళ్లు ఎటు పోతున్నాయో తెలుస్తోంది. ఇంకా రెండు సందేహాలు. పాఖాల, దాని చుట్టూ అడవి కలిసి కుడివైపు ఇంకా బరువుగానే ఉంది. సూచిక ఎక్కడ పెట్టాలి? ఫ్లెక్సీకి ఇదే ఫైల్ ఇవ్వొచ్చా?

గ్రిడ్44:

అడవికి ఆకుపచ్చ తీసేయండి. నేల రంగుకు ఒక్క మెట్టు ముదురుగా, కాస్త పచ్చదనం ఉన్న బూడిద సరిపోతుంది. సూచిక, శీర్షిక ఎడమవైపు పెట్టండి. కుడివైపు నీళ్ల బరువుకు ఎడమవైపు అక్షరాల బరువు సరితూగుతుంది. మీ రెండు మండలాల హద్దు అవతల ఉన్న నేలను ఇంకాస్త లేత చేసి, ఆ ఖాళీ మూలలోనే సూచిక వేయండి. చుట్టూ పెట్టె గీత అవసరం లేదు. పెట్టె గీస్తే అది ఇంకో ఆకారమై చూపును పట్టేస్తుంది. సూచికలో వరుస నీటి ప్రాధాన్యం ప్రకారమే: చెరువు, కుంట, కట్ట, మత్తడి, వాగు, ఆ తర్వాతే రోడ్డు, హద్దు. ఉత్తర దిక్కు బాణం 12 మి.మీ. మించొద్దు. కాగితం అంచు నుంచి నాలుగువైపులా 10 మి.మీ. వదలండి.

మూలలో తెలంగాణ చిన్న మ్యాప్ పెడితే 33 జిల్లాల ఫైలే వాడండి. 2011 జనగణన హద్దుల్లో ఈ ప్రాంతం ఉమ్మడి వరంగల్. 2016 తర్వాతి ఫైళ్లలో వరంగల్ రూరల్ అని ఉంటుంది. 2021 నుంచి వరంగల్. డేటా పట్టికలో పాత పేరు ఉంటే సూచికలోకి అదే వచ్చేస్తుంది.

ప్రాజెక్ట్ సీఆర్‌ఎస్, అంటే మ్యాప్ ఏ ప్రొజెక్షన్‌లో ఉందో చెప్పే సెట్టింగ్ చూశారా? ఉపగ్రహ చిత్రం ముందు వేసి ఉంటే అది వెబ్ మెర్కేటర్‌లో ఉండొచ్చు. 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ ప్రొజెక్షన్ దూరాలను 5 శాతం పెంచి చూపుతుంది. మీరు 1:75,000 అని పెట్టినా నేల మీద లెక్క 1:71,000 దగ్గర ఉంటుంది. యూటీఎమ్ 44 ఉత్తరం, అంటే ఈపీఎస్‌జీ 32644కు మార్చండి. పాత టోపో షీట్ల నుంచి వాగులు గీస్తుంటే ఇంకోటి గమనించండి. 80 డిగ్రీల రేఖాంశం పాఖాల దగ్గరే పోతుంది, అక్కడ 56 ఓ/13 షీట్ అయిపోయి 65 సీ/1 మొదలవుతుంది. రెండు షీట్లు కలిసేచోట వాగు గీతలు అతుక్కోకుండా ఉంటాయి. జూమ్ చేసి ఒక్కొక్కటీ చూడండి.

ఫ్లెక్సీకి అదే ఫైల్ ఇవ్వకండి. ఏ3 నిష్పత్తి 1.41, మీరు చెప్పిన 4×3 అడుగులది 1.33. షాపులో దాన్ని సాగదీసి పట్టిస్తారు. అప్పుడు తూర్పు పడమరలకు ఒక స్కేలు, ఉత్తర దక్షిణాలకు ఇంకో స్కేలు అవుతుంది. 4 అడుగుల 3 అంగుళాలు × 3 అడుగులు అడగండి, నిష్పత్తి సరిపోతుంది. అలా మూడు రెట్లకు కాస్త ఎక్కువ పెరుగుతుంది. 8 పాయింట్ల అక్షరం 25 పాయింట్లు దాకా వస్తుంది, రెండు మీటర్ల నుంచి చదవొచ్చు. పెంచాక ‘1:75,000’ అన్న రాత అబద్ధం అవుతుంది, కాబట్టి ఫ్లెక్సీ కాపీలో అది తీసేసి 0, 1, 2, 4 కిలోమీటర్ల స్కేలు బార్ ఒక్కటే ఉంచండి. పీడీఎఫ్ ఎగుమతిలో అక్షరాలను పాత్‌లుగా పంపండి. షాపు కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోయినా పేర్లు చెడిపోవు. నీలం అచ్చులో ఊదాకు తిరగడం మామూలే. మొత్తం వేయించే ముందు ఒక అడుగు ముక్క కొట్టించి ఎండలో చూడండి.

ఎగుమతికి ముందు క్యూజీఐఎస్ ప్రివ్యూ మోడ్‌లో గ్రేస్కేల్ పెట్టి చూడండి. ఆ నలుపు తెలుపులో కట్ట, వాగు, కుంట విడివిడిగా తెలిస్తే జిరాక్స్‌లోనూ తెలుస్తాయి. ఆ పక్కనే రంగుల తేడా గుర్తించలేని వాళ్ల చూపు ఎలా ఉంటుందో చూపే మోడ్‌లు ఉన్నాయి. మత్తడి ఎరుపు, కట్ట గోధుమ అందులో కలిసిపోతే మత్తడి గీతను ఇంకో అర మిల్లీమీటరు పొడుగు చేయండి.

మత్తడిగుర్తు:

ఇంకొక్క మాట. చెరువు హద్దు ఏ నెలల తీసిన చిత్రం నుంచి గీసిన్రో చూసుకోండి. మే నెల చిత్రంల సగం చెరువులు ఎండి ఉంటయి, నీళ్లు కట్ట దాకా రావు. మీరు గీసిన కట్టకు, నీలానికి నడుమ ఖాళీ కనబడితే కారణం అదే. వానలు పడ్డంక సెప్టెంబర్, అక్టోబర్ చిత్రం తీసుకోండి, లేదంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగ నిండినప్పటి నీటి మట్టం) హద్దు తీసుకోండి. ఏది తీసుకుంటే అది, నెల, సంవత్సరంతోటి సహా సూచిక కింద రాయండి.