షీట్‌లో కరెంటు పారుతోంది, మోల్డింగ్ ముక్కలో పారట్లేదు, ఎందుకని?

ప్రశ్న:
స్టాటిక్ చార్జ్ నిలవని ట్రేల కోసం పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌లో కార్బన్ బ్లాక్ (మసిలాంటి సన్నటి కార్బన్ పొడి) కలుపుతున్నానండీ. 10 శాతం దాకా మల్టీమీటర్ ఏమీ చూపించలేదు, 15 దాటాక రెసిస్టెన్స్ ఒక్కసారిగా పడిపోయింది. అదీ హాట్ ప్రెస్‌లో నొక్కిన షీట్‌లోనే. అదే సరుకుతో ఇంజెక్షన్ మోల్డింగ్ (కరిగించి అచ్చులోకి తోయడం) చేస్తే మీటర్ మళ్లీ ఓవర్‌లోడ్, అంటే కొలవలేనంత ఎక్కువ రెసిస్టెన్స్ అంటోంది. ఇంకా కలిపితే ముక్క పుటుక్కున విరుగుతోంది. ఏం చేయాలి?

జవాబు 1:
ఒక్కసారిగా పడిపోవడం మామూలే, దాన్నే పర్కొలేషన్ అంటారు. కణాలు విడివిడిగా ఉన్నంతవరకు మధ్యలో ప్లాస్టిక్ అడ్డం, ఈ చివర నుంచి ఆ చివరకి దారి కుదిరాక కరెంటు పారుతుంది. మోల్డింగ్‌లో కరిగిన సరుకు వేగంగా దూసుకెళ్లేటప్పుడు ఆ గొలుసులు తెగుతాయి, చల్లటి గోడ తగలగానే పైపొర అలాగే గడ్డకడుతుంది, మళ్లీ అతుక్కునే టైమే ఉండదు. ఎమరీ పేపర్‌తో రెండు చోట్ల పైపొర గీకేసి, సిల్వర్ పెయింట్ పూసి, ఆరాక కొలిచి చూడండి. రీడింగ్ వస్తే తేడా పైపొరలోనే. అప్పుడు మోల్డ్ వేడి, మెల్ట్ వేడి పెంచి ఇంజెక్షన్ స్పీడ్ తగ్గించండి.

జవాబు 2:
పౌడర్ పెంచకండి, గ్రేడ్ మార్చండి. హై స్ట్రక్చర్ కార్బన్ బ్లాక్‌లో కణాలు ద్రాక్షగుత్తిలా కొమ్మలు కొమ్మలుగా ఉంటాయి కాబట్టి చాలా తక్కువ శాతంలోనే దారి కుదురుతుంది, ముక్క కూడా అంత పెళుసుగా అవ్వదు. కాకపోతే ఎక్స్‌ట్రూడర్‌లో (ప్లాస్టిక్‌ని కరిగించి కలిపే మిషన్) అతిగా కలిపితే ఆ కొమ్మలే విరిగిపోతాయి. కార్బన్ నానోట్యూబ్‌లయితే (కార్బన్‌తో చేసిన అతి సన్నని గొట్టాలు) ఇంకా తక్కువ చాలు, కానీ ఉండలు కట్టకుండా విడదీయడం పెద్ద పని, అందుకే మాస్టర్‌బ్యాచ్ (ముందే ప్లాస్టిక్‌లో గాఢంగా కలిపి అమ్మే గుళికలు) తీసుకోండి, పొడిని నేరుగా ముట్టుకోవద్దు, ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్స్ అండీ. రాగి పొడి వేస్తే?

జవాబు 2:
వద్దండీ. రాగి రేణువుల మీద ఆక్సైడ్ పొర పట్టి, ఒకదానికొకటి తగిలినా కరెంటు సరిగా పారదు. బరువు కూడా పెరుగుతుంది.

జవాబు 3:
ముందు మీటర్ సంగతి చూడండి, గ్రేడ్ మార్చాలో వద్దో తర్వాత తేలుతుంది. స్టాటిక్ మెల్లగా దిగిపోవడానికి సర్ఫేస్ రెసిస్టెన్స్ 10 వేల ఓమ్‌ల నుంచి 10 వేల కోట్ల ఓమ్‌ల లోపు ఉంటే సరిపోతుంది. మామూలు మల్టీమీటర్ కొన్ని కోట్ల ఓమ్‌ల దగ్గరే చేతులెత్తేస్తుంది కాబట్టి, ఓవర్‌లోడ్ చూపించిన మోల్డింగ్ ముక్క నిజానికి పాసై ఉండొచ్చు. 100 వోల్టుల దగ్గర కొలిచే మెగోమ్‌మీటర్‌తో (చాలా పెద్ద రెసిస్టెన్స్ కొలిచే మీటర్), పైపొర గీకకుండా, ట్రే ఎలా వాడతారో అలాగే పెట్టి కొలవండి. ఆ రీడింగ్ ఇక్కడ పెడితే మిగతాది చూద్దాం.