చూపు లేనివారికి ఇన్సులిన్: పెన్నా, సీసాకు తగిలించే క్లిక్కు పరికరమా?

తెల్లకర్ర:

పూర్తిగా చూపు లేని ఒకాయనకు ఇన్సులిన్ సొంతంగా వేసుకోవడం నేర్పాలి. ఇప్పుడు 30/70 ప్రీమిక్స్ (30 శాతం వేగంగా, 70 శాతం నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్ ముందే కలిపి ఉన్నది) వాడుతున్నారు, పొద్దున 24 యూనిట్లు, రాత్రి 16. ఇంట్లోవాళ్లు సీసాలోంచి సిరంజిలోకి తీసిస్తే ఆయన పొడుచుకుంటారు. పొడుచుకోవడంలో ఇబ్బంది లేదు, కొలవడంతోనే చిక్కు. ముందుముందు దీన్ని మార్చి భోజనానికి ముందు ఒక ఇన్సులిన్, రాత్రికి లాంగ్ యాక్టింగ్ (చాలాసేపు పనిచేసేది) ఇంకొకటి ఇవ్వాలని డాక్టరు అంటున్నారు. వేలికొసల్లో కొంత తిమ్మిరి ఉంది. చెవులు బాగా పనిచేస్తాయి.

ఇన్సులిన్ పెన్ను డయల్ తిప్పితే యూనిట్‌కో క్లిక్కు వస్తుంది కదా, లెక్కపెట్టుకుంటే సరిపోదా అన్నది మొదటి సందేహం. పెన్ను వెంట వచ్చే కాగితంలోనేమో చూపు లేనివారు సాయం లేకుండా వాడకూడదని రాసి ఉంటుంది. రెండోది, కౌంట్-ఎ-డోస్ లాంటి, సిరంజిలోకి తీసే మందును క్లిక్కులతో కొలిచే పరికరం పెట్టి సీసా, సిరంజే కొనసాగించడం మేలా? మూడోది గాలి బుడగలు. కళ్లకు కనబడనప్పుడు వాటి సంగతి ఎలా తేల్చుకోవాలి?

సూదిమొన:

కాగితంలో ఆ హెచ్చరిక ఉన్నది క్లిక్కులు లెక్కపెట్టలేరని కాదండీ. కంటితో చూసి తేల్చుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి: పెన్ను నిజంగా ఆ ఇన్సులిన్‌దేనా, సూది మొనకు చుక్క వచ్చిందా, మందు రంగు మారిందా, గడ్డలు కట్టిందా. క్లిక్కుల లెక్క వీటన్నిటికంటే తేలిక. 24 సరిగ్గా తిప్పాక సూది మూసుకుపోయి ఉంటే లోపలికి వెళ్లేది సున్నా. కాబట్టి ఏ పరికరమైనా ఒకటే ప్రశ్నతో తూచండి: మందు బయటికి వచ్చిందని చేతికో, చెవికో, ముక్కుకో తెలిసే దారి ఉందా?

పెన్ను విషయంలో దారి ఉంది. కొత్త సూది తగిలించి 2 యూనిట్లు తిప్పాలి. సూదిని పైకి పెట్టి కార్ట్‌రిడ్జ్ (పెన్నులో మందుండే గొట్టం) మీద వేలితో నాలుగు సార్లు తడితే బుడగలు పైకి చేరతాయి. పోస్టుకార్డంత మందం కాగితం ముక్క తీసుకుని, దూరపు అంచు పట్టుకుని సూది మొనకు ఆనించి, బటన్ చివరిదాకా నొక్కాలి. ఆ కాగితాన్ని మణికట్టు లోపలివైపుకో పై పెదవికో తాకిస్తే తడి, చల్లదనం తెలుస్తాయి. వేలికొసలు తిమ్మిరిగా ఉన్నాయన్నారు కాబట్టి వేళ్లను నమ్ముకోవద్దు. పైగా ఇన్సులిన్‌లో క్రెసాల్ అనే రసాయనం కలిపి ఉంటుంది, దాని ఘాటైన ఆసుపత్రి వాసన ముక్కు ఇట్టే పట్టేస్తుంది. తడీ వాసనా రెండూ లేకపోతే మళ్లీ 2 యూనిట్లు. కొత్త పెన్నుకు మూడు నాలుగు సార్లు చేయాల్సి రావచ్చు. అప్పటికీ రాకపోతే సూది మార్చాలి. ఈ పని డోసు డోసుకీ చేయాల్సిందే, పొద్దున చేశాం కదా అని రాత్రి మానకూడదు.

పొడిచాక బటన్ వదలకుండా పట్టుకునే సమయం పెన్నును బట్టి మారుతుంది. క్విక్‌పెన్‌కు 5 సెకన్లు, ఫ్లెక్స్‌పెన్‌కు 6, లాంటస్ సోలోస్టార్‌కు 10. ముందే తీసేస్తే డోసులో కొంత చర్మం మీదే కారిపోతుంది.

ఫ్లెక్స్‌టచ్ పెన్నులో ఒక మంచీ ఒక చెడూ ఉన్నాయి. లోపల స్ప్రింగు ఉండటంతో వేలికి బలం అక్కర్లేదు, సున్నాకు చేరగానే ఒక క్లిక్కు తెలుస్తుంది. అయితే ఎంత తిప్పినా బటన్ బయటికి పొడుచుకు రాదు. ఫ్లెక్స్‌పెన్, సోలోస్టార్‌లలో తిప్పినకొద్దీ బటన్ పైకి లేస్తుంది. 16కీ 24కీ ఎత్తులో తేడా బొటనవేలికి అందుతుంది, లెక్క తప్పితే అదొక రెండో సాక్ష్యం.

చుక్కలలిపి:

సీసా వైపు నుంచి నేను చెబుతాను. కౌంట్-ఎ-డోస్‌లో సిరంజిని గాడిలో పడుకోబెడతారు, ప్లంజర్ (సిరంజిలోని తోసే కడ్డీ) తల ఒక జారుడు ముక్కలో ఇరుక్కుంటుంది, చక్రం తిప్పితే ప్లంజర్ వెనక్కి జరుగుతుంది. క్లిక్కుకు 1 యూనిట్. చేతికీ తెలుస్తుంది, చెవికీ వినబడుతుంది. సూది నేరుగా సీసా రబ్బరు మూతలోకి దిగేలా దారి ఉంటుంది కాబట్టి తడుముకుంటూ గుచ్చే పని లేదు. రెండు సీసాలు పెట్టవచ్చు, రెగ్యులర్ (త్వరగా పనిచేసేది), ఎన్‌పీహెచ్ (నెమ్మదిగా పనిచేసేది) ఇన్సులిన్‌లు కలుపుకునేవారికి అదే పెద్ద సౌకర్యం.

కొనే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది, చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఈ పరికరం యూనిట్లను కొలవదు, ప్లంజర్ ఎంత దూరం జరిగిందో మాత్రమే కొలుస్తుంది. ఆ దూరాన్ని బీడీ వారి 50 యూనిట్ల (అర మిల్లీలీటరు) సిరంజి గొట్టం వెడల్పుకు సరిపెట్టి తయారుచేశారు. 100 యూనిట్ల సిరంజి గొట్టం వెడల్పు ఎక్కువ, అది పెడితే ప్రతి క్లిక్కుకూ 1 యూనిట్ కంటే ఎక్కువ వస్తుంది, షుగర్ పడిపోతుంది. 30 యూనిట్లది సన్నం, తక్కువ వస్తుంది. వేరే కంపెనీ 50 యూనిట్ల సిరంజి అయినా గొట్టం కొలత ఒకటే అనుకోకూడదు. సిరంజి రకం మారినప్పుడల్లా చూపున్న ఒకరిని కూర్చోబెట్టి 5, 20, 45 క్లిక్కుల దగ్గర సిరంజి గీతలతో సరిచూడాలి. మూడూ సరిపోతేనే వాడాలి.

ఇంకోటి, 40 యూనిట్ల ఇన్సులిన్. మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే సీసాలు ఇంకా కొన్ని దేశాల్లో దొరుకుతాయి. పరికరం ఒక్కో క్లిక్కుకు తీసేది 0.01 మిల్లీలీటరు. మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే ఇన్సులిన్‌లో అది 1 యూనిట్, 40 యూనిట్ల దాంట్లో 0.4 మాత్రమే. 24 క్లిక్కులు తిప్పితే 9.6 యూనిట్లే పడతాయి. "రెండున్నర రెట్లు తిప్పితే సరిపోతుందిగా" అనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. రేపు 100 యూనిట్ల సీసా చేతికొచ్చిన రోజున అదే అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. పరికరం వాడాలంటే మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే సీసాకే మారాలి.

బుడగల సంగతి. సీసాను తలకిందులుగా, నిటారుగా పట్టుకోవాలి. ముందే డోసుకు సమానమైన గాలి సీసాలోకి ఎక్కించి ఉండాలి, లేకపోతే లోపల పీడనం తగ్గి ప్లంజర్‌ను సీసా వైపు లాగేస్తుంది. 10 యూనిట్ల దాకా తీసి, మొత్తం తిరిగి సీసాలోకి తోసేయాలి. ఇలా మూడు సార్లు మెల్లగా చేశాక అసలు డోసు తీయాలి. గాలి తేలిక కాబట్టి తోసినప్పుడల్లా సీసా పైభాగానికి పోతుంది. గబుక్కున లాగితే మాత్రం కొత్త బుడగలు పుడతాయి.

సీసా అడుగంటినప్పుడు ఈ చిట్కా కూడా పనిచేయదు, సూది మొనకు మందు బదులు గాలే తగులుతుంది. అందుకని లెక్కతో సీసా మార్చేయాలి. 10 మిల్లీలీటర్ల సీసాలో 1000 యూనిట్లు. ఈయన రోజుకు 40 వాడతారు. 22 రోజులకు 880 అయిపోతాయి, 120 యూనిట్లు మిగులుతాయి. అక్కడ ఆపి కొత్తది తెరవాలి. మిగిలిన కాస్త మందు మీద ఆశ పెట్టుకోకూడదు.

తెల్లకర్ర:

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే ఈయనకు ఏది? ప్రీమిక్స్ పెన్నును సరిగ్గా కలిపామో లేదో ఎలా తెలుస్తుంది? రేపు రెండు రకాల ఇన్సులిన్ వస్తే పెన్నులు తారుమారు కాకుండా ఏం చేయాలి?

సూదిమొన:

ఈయనకైతే పెన్నే అంటాను. రెండు ఇన్సులిన్‌లను ఒకే సిరంజిలో కలిపే పని ఇప్పుడూ లేదు, మారాకా ఉండదు. లాంగ్ యాక్టింగ్ గ్లార్జిన్ అయితే అసలు దేనితోనూ కలపకూడదు. కౌంట్-ఎ-డోస్‌కు ఉన్న పెద్ద బలం కలపడమే, అది అవసరం లేనప్పుడు సిరంజి మారితే లెక్క మారే ప్రమాదం ఎందుకు మోయాలి?

ప్రీమిక్స్ కార్ట్‌రిడ్జ్‌లో గాజు గుండు ఉంటుంది. పెన్నును అరచేతుల మధ్య 10 సార్లు దొర్లించి, తర్వాత పైకీ కిందికీ 10 సార్లు తిప్పాలి. గుండు ఆ చివర నుంచి ఈ చివరకు దొర్లుతున్నట్టు చెవికి వినబడాలి. ఊపి గిలకొడితే నురగ వస్తుంది, అది వద్దు. సరిగ్గా కలవకపోతే ఒక డోసులో వేగంగా పనిచేసే భాగం ఎక్కువ, ఇంకో డోసులో నెమ్మదిగా పనిచేసేది ఎక్కువ పడి షుగర్ ఎందుకు ఎగిరిందో ఎందుకు పడిందో అంతుపట్టదు.

గుండు కదలడానికి చోటు కావాలి కాబట్టి 12 యూనిట్ల కంటే తక్కువ మిగిలితే ఆ ప్రీమిక్స్ పెన్ను పక్కన పెట్టాలి. లెక్క చూడండి: రోజుకు 24, 16, రెండు పూటలా 2 చొప్పున వదిలేది కలిపి 44. పెన్నులో 300. ఆరు రోజులకు 264 పోతాయి, 36 మిగులుతాయి. ఏడో రోజు పొద్దున 26 పోయాక మిగిలేది 10. అంటే ఏడో రాత్రికి కొత్త పెన్ను. అనుమానం వస్తే సూది లేకుండానే పెన్నును ఆగేదాకా తిప్పి క్లిక్కులు లెక్కపెట్టవచ్చు. ఫ్లెక్స్‌పెన్, సోలోస్టార్ లాంటివి లోపల ఉన్నదానికి మించి తిరగవు. తర్వాత సున్నాకు వెనక్కి తిప్పేయాలి, ఈలోగా బటన్ మీద వేలు పడకూడదు.

క్లిక్కులు ఒకే ఊపున 24 దాకా లెక్కపెట్టనివ్వకండి. ఐదు తిప్పి ఆగి, మళ్లీ ఐదు. మధ్యలో ఫోను మోగి లెక్క తప్పితే ఊహించి సరిదిద్దుకోకూడదు. సున్నా దగ్గర గట్టిగా తగిలేదాకా వెనక్కి తిప్పి మొదటి నుంచి రావాలి.

క్లిక్కు అంటే ఎప్పుడూ 1 యూనిట్ కాదు, ఇది బాగా గుర్తుపెట్టించండి. టూజియో మ్యాక్స్ సోలోస్టార్, మిల్లీలీటరుకు 200 యూనిట్లుండే ట్రెసీబా ఫ్లెక్స్‌టచ్‌లలో క్లిక్కుకు 2 యూనిట్లు. 20 యూనిట్లు అనుకుని 20 క్లిక్కులు తిప్పితే 40 పడతాయి. నోవోపెన్ ఎకోలో క్లిక్కుకు అర యూనిట్, అక్కడ 20 క్లిక్కులకు 10. డాక్టరు ఇన్సులిన్ మార్చినప్పుడు "క్లిక్కుకు ఎంత?" అన్నదే మొదటి ప్రశ్న కావాలి. క్లిక్కుల సంఖ్య విడిగా, యూనిట్ల సంఖ్య విడిగా బ్రెయిలీలోనో వాయిస్ రికార్డులోనో ఉంచాలి.

మందులబీరువా:

తారుమారు సంగతికి నా జవాబు. లాంగ్ యాక్టింగ్ 20 వేయాల్సిన చోట భోజనం ఇన్సులిన్ 20 వేస్తే అది ఎమర్జెన్సీయే. కాబట్టి గుర్తు ఒక్కటి చాలదు. రెండు ఇన్సులిన్‌లూ ఆకారం వేరుగా ఉన్న వేర్వేరు కంపెనీల పెన్నుల్లో రాయమని డాక్టరును అడగండి. వేగంగా పనిచేసే దానికే రబ్బరు బ్యాండు అని నియమం పెట్టుకోండి, ఆ నియమం మార్చకండి. బ్యాండును మూతకు వేస్తే మూతలు మారినప్పుడు గుర్తూ మారిపోతుంది. పెన్ను ఒంటికే వేయాలి, డయల్‌కు అడ్డం రాకుండా. రెండిటినీ ఒకే డబ్బాలో పెట్టకండి: ఒకటి భోజనం బల్ల దగ్గర, ఒకటి మంచం దగ్గర. కొత్త పెన్నులు తెచ్చిన రోజే చూపున్నవాళ్లు పేరు, గడువు తేదీ చదివి బ్యాండు వేసేయాలి. ఫ్రిజ్‌లో గుర్తు లేని పెన్ను ఒక్కటి కూడా ఉండకూడదు. ఫోన్ కెమెరాతో చదివే యాప్‌లు పెట్టె మీది పేరుకు పనికొస్తాయి. వంపు తిరిగిన చిన్న డోసు కిటికీలోని అంకెకు మాత్రం వాటిని నమ్మవద్దు.

పెన్నులోంచి సిరంజితో మందు లాగే అలవాటు ఎక్కడైనా కనిపిస్తే ఆపించండి. మిల్లీలీటరుకు 200, 300 యూనిట్ల గాఢత ఉన్న పెన్నుల్లో అది రెండింతలు, మూడింతల డోసు అవుతుంది.

పంపుల గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి ఒక మాట. బటన్ నొక్కి బీప్‌లు లెక్కపెట్టి భోజనం డోసు ఇచ్చే ఏర్పాటు కొన్నిటికి ఉంది. బేసల్ (రోజంతా కొద్దికొద్దిగా వెళ్లే ఇన్సులిన్) మార్చాలన్నా, అలారం దేనికో తెలియాలన్నా తెర చదవాల్సిందే. పూర్తిగా చూపు లేనివారికి ఒంటరిగా కష్టం.

చుక్కలలిపి:

పెన్ను అన్న మాటకు నాకూ అభ్యంతరం లేదు, ఒక్కటి చేరుస్తాను. "వేసుకున్నానా, లేదా?" అన్న అనుమానం. నోవోపెన్ 6 లాంటివి వేసిన డోసులను గుర్తుపెట్టుకుని ఫోనుకు పంపుతాయి, ఫోను యాప్ దాన్ని చదివి వినిపించగలిగితే మంచిదే. అది లేకున్నా వారానికి సరిపడే మాత్రల డబ్బా చాలు. పూటకో గడి, గడికో కొత్త సూది. డోసు వేసేటప్పుడు సూది ఆ గడిలోంచే తీయాలి. మూసుకుపోయిన సూది మార్చాల్సి వస్తే విడి పెట్టెలోంచి తీసుకోవాలి, పక్క గడి ముట్టకూడదు. ఆ పూట గడి ఖాళీగా ఉంటే, అనుమానం ఎంత ఉన్నా రెండోసారి వేయకుండా మాట్లాడే గ్లూకోమీటర్‌తో రెండు గంటలకోసారి షుగర్ చూసుకుని డాక్టరుకు ఫోన్ చేయాలి.