షల్, విల్ రూల్ పిల్లలకి ఇంకా నేర్పాలా?

టీచర్‌ట్రైనీ:
ఐ, వి పక్కన షల్, మిగతా అన్నిటికీ విల్, పట్టుదలగా చెప్పాలంటే దాన్ని తిరగేయాలి అని పాత గ్రామర్ పుస్తకాల్లో ఉంటుంది కదా, ఈ రూల్ మీద మా స్టాఫ్‌రూమ్‌లో రెండు పార్టీలైపోయాం. నేనైతే వద్దంటున్నా. మాటల్లో అందరూ ఐల్, వీల్ అనే అంటారు, లోపలున్నది షల్లో విల్లో వినేవాళ్లకి తెలీనే తెలీదు, మరి ఐ విల్ రాసిన పిల్లాడికి మార్కు కట్ చేయడం దేనికి?

పాతపుస్తకం:
నేర్పాలండి. వాడుకలో తగ్గింది కదా అని ఒక్కోటీ తీసేస్తూ పోతే చివరికి ఏం మిగులుతుంది? 'షల్ ఐ ఓపెన్ ది విండో' అనాల్సిన చోట 'విల్ ఐ' అంటే నేను తెరుస్తానా లేదా అని జోస్యం అడిగినట్టుంటుంది. రూల్ తెలిస్తేనే ఆ తేడా పట్టుబడుతుంది.

డ్రాఫ్టింగ్‌పని:
సార్, ఉదాహరణ మంచిదే గానీ ఆ రూల్‌కి అది సాక్ష్యం కాదు. 'షల్ ఐ'లో అడిగేది ఎదుటివాళ్ల ఇష్టం, తెరవమంటారా అని, భవిష్యత్తు గురించి కాదు. పైగా ఐర్లండ్, స్కాట్లండ్‌లో అదే అర్థంతో 'విల్ ఐ' అని మామూలుగానే అంటారు. అసలీ రూల్‌ని 1653లో జాన్ వాలిస్ అనే ఇంగ్లండ్ గణితవేత్త తన ఇంగ్లిష్ గ్రామర్‌లో పెట్టాడు, ఆ పుస్తకం రాసింది లాటిన్‌లో.

నేను రోజూ కాంట్రాక్టులు చూస్తా, షల్ గట్టిగా బతికున్నది అక్కడే, అక్కడా గొడవే, ఎందుకంటే అదే షల్‌ని ఒకరు చేసి తీరాలి అని చదువుతారు, ఇంకొకరు ఊరికే జరగబోయేది అని చదువుతారు. అమెరికా ఫెడరల్ కోర్టుల సివిల్ ప్రొసీజర్ రూల్స్‌ని 2007లో తిరగరాసినప్పుడు షల్ తీసేసి చోటుని బట్టి మస్ట్, మే, షుడ్ వేశారు. ఇంటర్నెట్ ప్రమాణాల వాళ్లు 1997లోనే ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే తమ పత్రంలో తేల్చేశారు: మస్ట్, షల్ రెండూ తప్పనిసరి, షుడ్ అంటే సరైన కారణం ఉంటే పక్కన పెట్టొచ్చు, మే అంటే మీ ఇష్టం.

నా బాధ ఏంటంటే ఈ షల్ గోలలో అసలు దెబ్బతినే చోటు వదిలేస్తున్నాం. మస్ట్, హావ్ టు ఒకటే అని చెప్పేస్తారు, నిజానికి నాట్ తగలగానే రెండూ చెరో దారి పడతాయి. 'యు మస్ట్ నాట్ సైన్ దిస్ పేజ్' అంటే సంతకం పెట్టకూడదు. 'యు డోంట్ హావ్ టు సైన్' అంటే అక్కర్లేదు, పెట్టినా పర్లేదు. మొదటిది రాసి రెండోది అనుకునేవాళ్లు ఎంతమందో! కుడ్ కూడా అంతే, చిన్నప్పుడు ఈత వచ్చేది అనడానికి 'ఐ కుడ్ స్విమ్' సరిపోతుంది గానీ, నిన్న ఆ టెస్ట్ పాసవ్వగలిగాను అనడానికి 'ఐ కుడ్ పాస్' కుదరదు, 'ఐ వాజ్ ఏబుల్ టు పాస్' అనాలి.

పాతపుస్తకం:
కుడ్ సంగతి ఒప్పుకుంటా, అది నేర్పాల్సిందే. కానీ పాత నవల చదివే పిల్లాడు ప్రతి పేజీలో ఐ షల్ చూసి తికమకపడతాడు కదా, వాడికోసమైనా ఒక్క పీరియడ్ ఉండాలి.

టీచర్‌ట్రైనీ:
చదివితే అర్థమయ్యేంత వరకు చెప్తానండి, అందులో నాకు పేచీ లేదు. పరీక్షలో ఖాళీ ఇచ్చి షల్ రాస్తేనే మార్కు అనడం మాత్రం నేను ఒప్పుకోను. ఆ ప్రశ్న తీసేసి మస్ట్ నాట్, డోంట్ హావ్ టు మీద ఒకటి పెడదామని సోమవారం మీటింగ్‌లో అడుగుతున్నా.

పాతపుస్తకం:
అడగండి. నేనైతే రెండు ప్రశ్నలూ ఉంచమంటా.