బీపీటీ తర్వాత షుగర్, గుండె, కిడ్నీ పేషెంట్లకు వ్యాయామం రాయడం నేర్చుకోవాలంటే ఏ పీజీ చెయ్యాలి?

దిల్‌సుఖ్‌నగర్ ఫిజియో

అందరికీ నమస్తే. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) పూర్తి చేసి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆర్థో క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మోకాళ్ల నొప్పి, నడుం నొప్పి, భుజం పట్టేయడం లాంటివి బాగానే చూసుకోగలను, ఇబ్బంది అక్కడ కాదు. మోకాలి నొప్పి అని వచ్చే పెద్దవాళ్లలో చాలామందికి షుగర్ ఉంటుంది, దానికి తోడు బీపీ, కొందరికి ఎప్పుడో స్టెంట్ పడి ఉంటుంది, ఒకాయన వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లి వస్తూ మధ్యలో మా దగ్గరికి వస్తారు. "అమ్మా, రోజూ ఎంతసేపు నడవొచ్చు, ఎంత స్పీడుగా, మా అబ్బాయి జిమ్‌లో చేర్పిస్తానంటున్నాడు, బరువులు ఎత్తొచ్చా" అని అడుగుతారు. అందరికీ చెప్పే అరగంట నడక మాట తప్ప, ఆ మనిషి మందులు, రిపోర్టులు చూసి ఇంత అని లెక్కగట్టి రాసిచ్చే చదువు నాకు అందలేదు. బీపీటీలో కార్డియో పేపర్ ఉంది, ఇంటర్న్‌షిప్‌లో ఐసీయూలో కఫం తీయించాం, కానీ గుండె జబ్బు ఉన్నవాళ్లని ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసింది లేదు.

ఇప్పుడు ఎంపీటీ (ఫిజియోలో పీజీ) కార్డియో రెస్పిరేటరీ, అంటే గుండె, ఊపిరితిత్తుల విభాగం, హైదరాబాద్‌లోనే చెయ్యాలా, లేక విదేశాల్లో క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ (జబ్బులున్నవాళ్లకి వ్యాయామం రాసే చదువు) అని మాస్టర్స్ ఉందంటున్నారు కదా, దానికి వెళ్లాలా? ఇంట్లో ఆస్ట్రేలియా అంటున్నారు, అంత లోన్ అంటే నాకు టెన్షన్. ఆన్‌లైన్ సర్టిఫికెట్లు కూడా బోలెడు కనిపిస్తున్నాయి. నాకు పేరు పక్కన అక్షరాల కన్నా పని రావడం ముఖ్యం. ఈ దారిలో వెళ్లినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్.

కార్డియో రిహాబ్ సీనియర్

చెల్లీ, నువ్వు అడిగింది చాలామంది అడగాల్సిన ప్రశ్న. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ 2023లో బయటపెట్టిన సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, దానికి అంచున ఉన్నవాళ్లు ఇంకో 13.6 కోట్లు. వీళ్లందరికీ ఎవరో ఒకరు "వ్యాయామం చెయ్యండి" అని చెప్తూనే ఉంటారు, ఎంత, ఎలా అని చెప్పేవాళ్లే లేరు.

నేను ఎంపీటీ కార్డియో చేసి ఇక్కడే ఒక రిహాబ్ యూనిట్‌లో (గుండె జబ్బు తర్వాత మనిషిని వ్యాయామంతో మళ్లీ కోలుకునేలా చేసే చోటు) ఉన్నాను. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: కోర్సు పేరు చూడొద్దు, ఆ రెండేళ్లలో ఎంతమంది నిజమైన పేషెంట్లని నీ చేత్తో పరీక్షించి, ప్లాన్ రాసి, వారం వారం మార్చి, మళ్లీ పరీక్షించే అవకాశం దొరుకుతుందో అది చూడు. పంజాగుట్ట నిమ్స్‌లో ఎంపీటీ ఉంది, మిగతా కాలేజీలు ఎక్కువగా వరంగల్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కిందకి వస్తాయి. ఎక్కడికైనా అడ్మిషన్ కన్నా ముందు ఒకసారి వెళ్లి సెకండియర్ వాళ్లతో మాట్లాడు. గుండె ఆపరేషన్ అయినవాళ్లు డిశ్చార్జ్ తర్వాత కూడా మళ్లీ వస్తున్నారా, లేక వార్డులో నడిపించడంతోనే అయిపోతోందా? ఈసీజీ మానిటర్ చూస్తూ సైకిల్ తొక్కించే ఏర్పాటు ఉందా? గాలి గొట్టం పెట్టి ఆక్సిజన్ వాడకం కొలిచే సీపీఈటీ మిషన్ ఉంటే మంచిదే, కానీ అది లేకపోయినా పేషెంట్‌ని నడిపించి పరీక్షించడానికి 30 మీటర్ల కారిడార్, ఆక్సీమీటర్, బీపీ మిషన్, ఓపికగా నేర్పే గైడ్ ఉంటే చాలావరకు నేర్చుకోవచ్చు. థీసిస్ కోసమే పేషెంట్లని పట్టుకొచ్చే చోటైతే నీకు కావాల్సింది దొరకదు.

ఈ చదువులో ఏం నేర్పుతారో ఒక ఉదాహరణ చెప్తాను. 58 ఏళ్ల ఆయన, స్టెంట్ పడింది, మెటోప్రొలాల్ వేసుకుంటున్నారు. జిమ్ గోడ మీద ఉండే లెక్క ప్రకారం 220లోంచి వయసు తీసేస్తే 162, అందులో 70 శాతం అంటే నిమిషానికి 113 దగ్గర పల్స్ ఉంచాలి. కానీ ఆ మాత్ర పల్స్‌ని పెరగనివ్వదు. మాత్ర వేసుకునే ట్రెడ్‌మిల్ టెస్ట్ చేయిస్తే కూర్చున్నప్పుడు 60, పూర్తిగా అలిసిపోయేసరికి 120 వచ్చింది అనుకో. అంటే ఆయన దగ్గర ఉన్నది 60 బీట్ల దూరమే. దానిలో 40 నుంచి 60 శాతం వాడాలంటే టార్గెట్ 84 నుంచి 96. గోడ మీది 113 పట్టుకుని నడిపిస్తే ఆయన్ని దాదాపు చివరి అంచున పరిగెత్తిస్తున్నట్టే. టెస్ట్ లేకపోతే పల్స్ మీద ఆధారపడకుండా, 6 నుంచి 20 దాకా ఉండే బోర్గ్ స్కేల్ మీద ఆయాసం ఎంతుందో అడిగి 11 నుంచి 13 మధ్య ఉంచుతాం, లేదా నడుస్తూ రెండు మూడు వాక్యాలు ఆగకుండా మాట్లాడగలగాలి అని చెప్తాం. మందుల చీటీ చదవకుండా వ్యాయామం రాయకూడదని మా గైడ్ మొదటి నెలలోనే పట్టుబట్టారు, అది నా పనంతటికీ పునాది.

ఆన్‌లైన్ సర్టిఫికెట్ల గురించి: థియరీకి కొన్ని బాగానే ఉంటాయి. కానీ ఛాతీలో బరువుగా ఉందని మనిషి ట్రెడ్‌మిల్ మీద చెయ్యి పెట్టుకున్నప్పుడు ఏం చెయ్యాలో వీడియో చూస్తే రాదు.

మెల్‌బోర్న్‌లో ఉంటున్నా

నేను మలక్‌పేట అమ్మాయినే, ఇక్కడ మాస్టర్స్ చేశాను. అప్లై చేసేముందు చాలామందికి ఎవరూ చెప్పని విషయం ఒకటి ఉంది, జాగ్రత్తగా చదువు. ఆస్ట్రేలియాలో ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్ వేరు, ఫిజియోథెరపిస్ట్ వేరు. ఫిజియోలకి ఆప్రా అనే ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టులకి ఎస్సా అనే వృత్తి సంఘం అక్రెడిటేషన్ ఇస్తుంది. నువ్వు బీపీటీతో వచ్చి ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ మాస్టర్స్ చేస్తే ఇక్కడ ఫిజియో అయిపోవు. ఫిజియోగా చెయ్యాలంటే మన డిగ్రీని వేరే కౌన్సిల్ పరీక్షలకి పెట్టి నెగ్గాలి. ఏజెంట్లు ఈ రెండూ కలిపేసి చెప్తారు.

చదువు మాత్రం నువ్వు వెతుకుతున్నదే. అక్రెడిటేషన్‌కి 500 గంటల ప్రాక్టికల్ చూపించాలి, అందులో 140 ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో, 360 జబ్బులున్నవాళ్లతో. గుండె, ఊపిరితిత్తులు, షుగర్, కీళ్లు, నరాలు, క్యాన్సర్, మానసిక సమస్యలు, అన్నిటినీ ముట్టుకోవాలి. 2006 నుంచి ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టులు ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో కూడా ఉన్నారు కాబట్టి, దీర్ఘకాలిక జబ్బు ఉన్నవాళ్లకి ఫ్యామిలీ డాక్టర్ ప్లాన్ రాస్తే ఏడాదికి ఐదు విజిట్ల దాకా ప్రభుత్వం కొంత డబ్బు తిరిగి ఇస్తుంది, ఆ ఐదు ఫిజియో, డైటీషియన్ అందరికీ కలిపే. అందుకే ఈ వృత్తికి ఇక్కడ పని ఉంది.

కానీ తిరిగి హైదరాబాద్ వస్తావా లేదా అన్నదే అసలు ప్రశ్న. మన దగ్గర ఆ పేరుతో ఉద్యోగం నోటిఫికేషన్‌లో కనపడటం చాలా అరుదు. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్ చట్టంలో ఫిజియోథెరపీ ఉంది, ఎంపీటీ అంటే ఏ హాస్పిటల్ హెచ్‌ఆర్‌కైనా అర్థమవుతుంది. తిరిగి వచ్చి పనిచేసే ఉద్దేశం ఉంటే ఎంపీటీ చేసి, ఆ లోన్ డబ్బు మిగుల్చుకోమంటాను. ఇక్కడే స్థిరపడాలనుకుంటే ముందు ఫిజియోగా రిజిస్టర్ అవ్వు, తర్వాత ఇది ఆలోచించు.

ఉప్పల్ వాసి

నేను మెడికల్ ఫీల్డ్ కాదు, కానీ చదువుతుంటే రాయకుండా ఉండలేకపోయాను. మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఆయనకి స్టెంట్ వేశాక హాస్పిటల్‌లో డిశ్చార్జ్ కాగితం మీద మందులన్నీ టైముతో సహా రాశారు, ఉప్పు తగ్గించమన్నారు, కింద "రెగ్యులర్ వాకింగ్" అని ఒక్క ముక్క. ఎంత దూరం? మెట్లు ఎక్కొచ్చా? మాకు మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. అడిగితే "కొంచెం కొంచెంగా పెంచుకోండి" అన్నారు. అమ్మ భయపడి ఆయన్ని సోఫాలోంచి లేవనివ్వలేదు, ఆయనేమో తగ్గిపోయిందనిపించిన రోజు పార్కులో నలుగురితో పోటీపడి నడిచి వచ్చేవారు. ఆ కొన్ని నెలలు ఇంట్లో మాకు ఎంత టెన్షనో మాటల్లో చెప్పలేను. ఆయనకున్న కోరిక ఒక్కటే, అలిపిరి నుంచి మెట్ల దారిలో తిరుమల ఎక్కాలని. అది అయ్యే పనేనా అని అడగడానికి కూడా మాకు ఎవరూ దొరకలేదు. ఏ డిగ్రీ అయినా సరే, దయచేసి ఈ చదువు చదవండి. మీలాంటివాళ్లు కావాలి.

కార్డియో రిహాబ్ సీనియర్

ఉప్పల్ అన్నా, మీ నాన్నగారు డ్రైవర్ అన్నారు కాబట్టి చెప్తున్నాను, ఈ శాస్త్రానికి బలమైన పునాది పడిందే బస్సు సిబ్బంది మీద. లండన్‌లో జెరెమీ మోరిస్ అనే డాక్టర్ 1953లో లాన్సెట్ పత్రికలో రాశారు: డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్ల కన్నా, పైకీ కిందకీ మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకి గుండె జబ్బు తక్కువగా వస్తోందని. కూర్చుని చేసే పనికీ గుండెకీ సంబంధం అంత పెద్ద ఎత్తున చూపించింది ఆయనే.

అలిపిరి దారి 3550 మెట్లు. అది అవుతుందో కాదో ఇక్కడ కూర్చుని నేను చెప్పకూడదు, కానీ అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే. ఆయన కార్డియాలజిస్ట్‌ని అడిగి ట్రెడ్‌మిల్ టెస్ట్ చేయించండి, ఆ రిపోర్టు పట్టుకుని రిహాబ్ ఉన్న చోటికి వెళ్లండి. మీ మూడంతస్తుల మెట్లతోనే ప్రాక్టీసు మొదలు పెట్టిస్తారు. మెట్లెక్కేటప్పుడు ఛాతీలో పట్టేసినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, అది ఇంట్లో అందరికీ తెలిసుండాలి.

దిల్‌సుఖ్‌నగర్ ఫిజియో

అందరికీ చాలా థ్యాంక్స్. మెల్‌బోర్న్ అక్కా, ఆ రిజిస్ట్రేషన్ సంగతి నాకు నిజంగా ఎవరూ చెప్పలేదు, ఇంట్లో మీ పోస్ట్ చదివి వినిపించాను. ఉప్పల్ అన్నా, మీరు రాసింది చదివాక ఇక్కడే ఎంపీటీ చెయ్యాలనే అనిపిస్తోంది.

ఇంకొక్క సందేహం. అడ్మిషన్ అయ్యేలోపు ఇప్పుడున్న పేషెంట్లకి నేను ఏం మార్చగలను? మా క్లినిక్‌లో 30 మీటర్ల కారిడార్ కాదు కదా, పది అడుగుల ఖాళీ కూడా లేదు. డయాలసిస్ ఆయనకి ఏదైనా చెప్పాలంటేనే భయం.

నల్లకుంట ఎంపీటీ

నేను చెప్తాను, నా థీసిస్ డయాలసిస్ పేషెంట్ల మీదే. భయం మంచిదే కానీ ఊరికే కూర్చోబెట్టడం ఆయనకి ఇంకా చెడ్డది, వాళ్లలో కండ చాలా త్వరగా కరిగిపోతుంది. ముందు నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) ఓకే అనాలి. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి బీపీ కట్టొద్దు, సూదులు ఉన్న టైములో ఆ చేతిని కదిలించొద్దు. డయాలసిస్ జరుగుతుండగానే పడుకుని కాళ్లతో సైకిల్ తొక్కించే పద్ధతి ఉంది, అది మొదటి రెండు గంటల్లోపే చేయిస్తాం, తర్వాత నీరు బాగా లాగేసి బీపీ పడిపోయే అవకాశం ఎక్కువ. మీ క్లినిక్‌కి డయాలసిస్ లేని రోజున రమ్మను, బరువు రెండు సిట్టింగుల మధ్య బాగా పెరిగినా, ఆయాసంగా ఉన్నా ఆ రోజు వదిలెయ్.

జాగా లేదంటే కుర్చీ చాలు. చేతులు కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టి రాసుకో, నెల తర్వాత మళ్లీ చూడు. టెస్టూ అదే, వ్యాయామమూ అదే.

షుగర్ వాళ్లని మూడు విషయాలు అడగకుండా పంపొద్దు. గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతున్నారా? వాడేవాళ్లు పరగడుపున గంటసేపు పార్కులో తిరిగొచ్చే అలవాటు మన దగ్గర చాలా ఎక్కువ, షుగర్ పడిపోతుంది. నడకకి ముందు 90 కన్నా తక్కువ ఉంటే 15 గ్రాముల పిండిపదార్థం ఏదైనా తిని బయల్దేరాలి, జేబులో చక్కెరో గ్లూకోజో ఉండాలి. కంటి పరీక్ష ఎప్పుడు చేయించారు? రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టే దశలో ఉంటే ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తించకూడదు. ఇక పాదాలు, చెప్పులు విప్పించి చూడు, మోనోఫిలమెంట్ (సన్నటి నైలాన్ తీగ) పెట్టి స్పర్శ చూడు. పార్కుల్లో గులకరాళ్ల ఆక్యుప్రెషర్ ట్రాక్ ఉంటుంది కదా, స్పర్శ పోయినవాళ్లు దాని మీద వట్టి కాళ్లతో నడిచి పుండు తెచ్చుకుంటారు, వాళ్లకి అది పూర్తిగా మాన్పించు.

బరువుల భయం కూడా తీసెయ్యి. డబ్ల్యూహెచ్‌ఓ 2020 గైడ్‌లైన్స్‌లో దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లకి కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం ఉండాలని స్పష్టంగా ఉంది. బీపీ అదుపులో ఉన్నవాళ్లకి తేలిక రబ్బరు బ్యాండ్‌తో మొదలుపెట్టు, ఎత్తేటప్పుడు ఊపిరి వదలమని నేర్పు. మొదటి వారాల్లో ముందూ తర్వాతా బీపీ చూసి రాసుకో.

ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడు దాటాక బయట నడక వద్దని చెప్పు, నీటి మాత్ర (మూత్రం ఎక్కువ పోయించే మందు) వాడేవాళ్లకి మరీ ముఖ్యం. మీ డయాలసిస్ ఆయన తాజా హిమోగ్లోబిన్, పొటాషియం ఎంతున్నాయో కనుక్కుని, పేరు లేకుండా ఇక్కడ పెట్టు, ఆయన నెఫ్రాలజిస్ట్‌ని ఏమేం అడగాలో కలిసి రాద్దాం.