ఫోన్‌లో డాక్టర్‌కు చూపించుకుంటే ఇన్సూరెన్స్ డబ్బివ్వాలా?

కోనసీమ_రైతు: మా నాన్నకు షుగర్, బీపీ. కాకినాడ డాక్టరు గారికి రిపోర్టులు వాట్సాప్‌లో పంపితే వీడియోలో మాట్లాడి మందులు మారుస్తున్నారు. ఆ ఫీజు క్లెయిమ్ పెడితే, ఆస్పత్రిలో చేరితేనే ఇస్తామన్నారు. ఇది న్యాయమేనా అండి?

భీమవరం_మెడికల్స్: న్యాయమే. షుగర్ మనిషి పాదం చేత్తో పట్టి చూడకుండా వైద్యం ఏమిటండి? ప్రతి కాల్‌కీ బిల్లు పెడితే దొంగ క్లెయిములు పెరుగుతాయి, ప్రీమియం అందరి మీదా పడుతుంది. ఫోన్‌లో డాక్టర్‌ను ఉచితంగా కలిపే ప్రభుత్వ ఈ-సంజీవని ఉంది కదా.

ఏటిగట్టు_నర్సు: భీమవరం గారూ, ఇక్కడ అడ్డం ఫోన్ కాదండి. 2020 మార్చిలో టెలిమెడిసిన్ (ఫోన్, వీడియో వైద్యం) మార్గదర్శకాలు వచ్చాయి. నేరుగా చూడాల్సిన కేసైతే డాక్టరు రమ్మనవచ్చని వాటిలోనే ఉంది. రసీదు కూడా ఇవ్వాలి, కాబట్టి క్లెయిమ్ సరిచూసుకోవచ్చు. అదే ఏడాది జూన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా చెప్పింది: పాలసీలో డాక్టర్ కన్సల్టేషన్‌కు కవరేజీ ఉంటే ఫోన్ కన్సల్టేషన్‌నూ ఒప్పుకోవాలని. మెలిక అక్కడే ఉంది. మన దగ్గర చాలా పాలసీల్లో ఓపీ కవరేజీయే, అంటే ఆస్పత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చుకు కవరేజీయే లేదు. ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఇస్తుంది, అదీ ఆస్పత్రిలో చేరితేనే. పుండు ముదిరి కాలు తీసేస్తే ఖర్చు భరిస్తారు. ముదరకముందు డాక్టర్‌తో మాట్లాడిన ఫీజు మాత్రం మనమే కట్టుకోవాలి. నాకు మండేది ఇందుకే.

వరదల్లో చాకలిపాలెం దగ్గర కాజ్‌వే మునిగితే గోదావరి మధ్యనున్న కనకాయలంక వాళ్లు పడవ ఎక్కాలి. ఆ రోజుల్లో బీపీ మాత్రలు అయిపోయిన ముసలాయన్ని ఓపీకి రమ్మని ఎలా అంటాం? ఈ-సంజీవని మంచిదే, విలేజ్ క్లినిక్‌లో బీపీ చూసి డాక్టర్‌కు కలుపుతారు. కానీ ఏళ్ల తరబడి చూస్తున్న డాక్టరే మళ్లీ దొరుకుతారన్న భరోసా లేదు. షుగర్ వాళ్లకు అదే ముఖ్యం.

భీమవరం_మెడికల్స్: ఓపీ లేకపోవడమే అసలు లోపమంటే ఒప్పుకుంటాను. అయినా ఏడాదికి ఇంతని పరిమితి ఉండాలి. ఒకసారైనా నేరుగా చూసిన డాక్టర్‌కే ఇవ్వాలి.

ఏటిగట్టు_నర్సు: పరిమితికి సరేనండి. రెండో షరతుకు ఒప్పుకోను. అలాగైతే లంకలో కొత్తగా షుగర్ బయటపడిన మనిషికి డాక్టర్‌తో మొదటి మాటే ఆలస్యమవుతుంది. కోనసీమ గారూ, రెన్యువల్‌కు ముందు ఓపీ కవరేజీ కలుపుతారేమో అడగండి. అందులో ఫోన్ కన్సల్టేషన్ కూడా వస్తుందని రాతపూర్వకంగా తీసుకోండి.