ఒకచోట ఆర్పి, మరోచోట వెలిగించి: టాటా స్టీల్ ఎంచుకున్న దారి సరైనదేనా?

లెక్కల మాస్టారు, బ్రాడీపేట, గుంటూరు:

2024 సెప్టెంబరులో టాటా స్టీల్ రెండు పనులు చేసింది. ఒడిశాలోని కళింగనగర్‌లో 5,870 ఘనపు మీటర్ల బ్లాస్ట్ ఫర్నేస్‌ను, అంటే బొగ్గుతో ఖనిజం నుంచి ఇనుము తీసే కొలిమిని, వెలిగించింది. మన దేశంలో అంత పెద్దది అంతకుముందు లేదు. అదే నెల చివరి రోజున బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్‌లో తనకు మిగిలిన ఆఖరి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఆర్పివేసింది. అక్కడ పాత ఇనుమును కరిగించే ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్‌ను 125 కోట్ల పౌండ్లతో కడుతోంది. అందులో 50 కోట్లు బ్రిటన్ ప్రభుత్వం ఇస్తోంది. ఇక్కడ దాదాపు 27,000 కోట్ల రూపాయలతో కళింగనగర్ సామర్థ్యాన్ని ఏటా 30 లక్షల టన్నుల నుంచి 80 లక్షల టన్నులకు పెంచే పని పెట్టుకుంది.

ఈ రెండింటినీ ఒకే వ్యూహం అనడం నాకు సమ్మతం కాదు. 2045 నాటికి నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తెస్తామని ఈ కంపెనీయే ప్రకటించింది. బ్లాస్ట్ ఫర్నేస్ లోపలి ఇటుక పొర ఒకసారి కడితే పదిహేను, ఇరవై ఏళ్లు వస్తుంది. అంటే 2024లో వెలిగించిన కొలిమి, మధ్యలో ఆర్పకపోతే, మాట ఇచ్చిన గడువు దాకా బొగ్గు తింటూనే ఉంటుంది. దిగుమతయ్యే ఉక్కుపై దాని తయారీలో వెలువడిన కర్బనాన్ని బట్టి రుసుము వసూలు చేసే విధానాన్ని యూరోపియన్ యూనియన్ 2026 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చింది. ఇవన్నీ తెలిసీ కొత్త సాంకేతికతను పరాయి దేశానికి, పాతదాన్ని మనకు కేటాయించడం సమంజసమా? పెద్దలు తమ అభిప్రాయం చెప్పాలని కోరుతున్నాను.

కొలిమి, పటమట, విజయవాడ:

మాస్టారూ, నేను ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీ ఆవేదన నాకు అర్థమైంది కానీ, మీ తీర్పుతో ఏకీభవించలేను.

గనిలో దొరికే ఖనిజం ఇనుము కాదు, ఆక్సిజన్‌తో కలిసి ఉన్న ఇనుము. ఆ ఆక్సిజన్‌ను విడదీయడానికే కోక్ బొగ్గు కావాలి, కర్మాగారం వదిలే కర్బనంలో సింహభాగం ఆ పని వల్లే వస్తుంది. పాత ఇనుముకు ఆ పని ఎప్పుడో జరిగిపోయింది. దాన్ని కరిగిస్తే చాలు, టన్నుకు నాలుగైదు వందల యూనిట్ల కరెంటుతో సరిపోతుంది. కాబట్టి ఏ కొలిమి కట్టాలన్నది ముందుగా మన దగ్గర ఏ ముడిసరుకు ఉందన్న దానిమీద ఆధారపడుతుంది. నూటయాభై ఏళ్లుగా ఉక్కు వాడుతున్న బ్రిటన్‌లో ఏటా గుట్టలుగా తుక్కు పోగవుతుంది, దానిలో అధికభాగాన్ని వాళ్లు ఓడల్లో బయటికి పంపుతున్నారు. ఖనిజమూ, కోక్ తయారీకి కావలసిన కోకింగ్ బొగ్గూ మాత్రం ఓడల్లో తెచ్చుకున్నారు. మూసివేతకు ముందు అక్కడ రోజుకు పది లక్షల పౌండ్లకు పైగా నష్టం వస్తోందని కంపెనీ చెప్పింది.

మన సంగతి వేరు. మన దేశంలో తలసరి ఉక్కు వినియోగం ప్రపంచ సగటులో సగానికి అటూ ఇటూగా ఉంది. వాడిన ఉక్కు కూడా నిన్న మొన్నటిదే. ఇప్పుడు అమరావతిలో పునాదుల్లోకి దిగుతున్న ఊచలు తుక్కుగా బయటికి రావాలంటే మన మనవలు పెద్దవాళ్లు కావాలి. తుక్కు చాలనప్పుడు, ఖనిజాన్ని కరిగించకుండానే ఆక్సిజన్ తీసేసి చేసే స్పాంజ్ ఐరన్ కలపాలి. సహజవాయువు ఖరీదు కావడంతో మన దేశంలో స్పాంజ్ ఐరన్‌ను ఎక్కువగా బొగ్గుతోనే చేస్తున్నారు, దానివల్ల వచ్చే కర్బనం తక్కువేమీ కాదు. ఆపైన కరెంటు ఎక్కడినుంచి వస్తుందో ఇబ్రహీంపట్నం వైపు వెళ్లి థర్మల్ కేంద్రం పొగగొట్టాలను చూస్తే తెలుస్తుంది.

కంపెనీ ఇక్కడ చేతులు ముడుచుకుని కూర్చోలేదని కూడా చెప్పాలి. 2023 ఏప్రిల్‌లో బొగ్గు వాడకం తగ్గించేందుకు జంషెడ్‌పూర్‌లోని ఒక బ్లాస్ట్ ఫర్నేస్‌లో, ఇంధనాన్ని లోపలికి పంపే ఇంజెక్షన్ వ్యవస్థల్లో 40 శాతం ద్వారా హైడ్రోజన్ పంపి పరీక్షించింది. అదే ఏడాది అక్టోబరులో లూథియానా దగ్గర ఏటా 7.5 లక్షల టన్నుల ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్‌కు శంకుస్థాపన జరిగింది. తుక్కు దొరికే ఉత్తరాదిలో ఆ కొలిమి, ఖనిజం దొరికే ఒడిశాలో ఈ కొలిమి. నాకు ఇందులో వైరుధ్యం కనిపించడం లేదు.

ఆటోనగర్ కాటా, విజయవాడ:

కొలిమి గారూ, తుక్కు చాలదన్న మాట నిజం. అయితే ఉన్న తుక్కును మనం ఎలా పాడుచేస్తున్నామో ఎవరూ మాట్లాడటం లేదు. మాది రెండు తరాలుగా పాత ఇనుము వ్యాపారం.

ఆటోనగర్‌కు ఒక పాత లారీ వస్తే ఇంజను, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, కమాను పట్టీలు ఊడదీసి విడిగా అమ్ముతారు. మిగిలిన ఛాసిస్‌ను గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేస్తారు. చేతికందిన రాగి తీగలు లాగేస్తారు. స్టార్టర్లు, చిన్న మోటార్లు, సందుల్లో ఇరుక్కున్న వైరింగు మాత్రం ఇనుముతోపాటే కాటా ఎక్కుతాయి. కొలిమిలోకి వెళ్లిన ఆ రాగి ఇక బయటికి రాదు. ఇనుముకంటే ముందే కాలిపోయే సిలికాన్, అల్యూమినియం వంటివి పైన తేలే చిట్టెంలోకి (మలినాల పొరలోకి) పోతాయి. రాగి ఉక్కులోనే ఉండిపోతుంది. ఆ ఉక్కును ఎర్రగా కాల్చి రేకుగా సాగదీసేటప్పుడు పైపొర కింద చేరిన రాగి కరిగి సందుల్లోకి దిగి, ఉపరితలం పగుళ్లు ఇస్తుంది. ఇంటి ఊచలకు కొంత రాగి ఉన్నా సర్దుకుపోవచ్చు, కారు తలుపు రేకుకు అది పనికిరాదు. పోర్ట్ టాల్బట్ చేసేది రేకే కాబట్టి, అక్కడి కొత్త కొలిమి కూడా ఏరిన తుక్కు దొరికితేనే నిలబడుతుంది.

మూడేళ్ల క్రితం ఒక కర్మాగారానికి మేము పంపిన రెండు లోడ్లలో రాగి కలిసిందని ధర కోశారు. కోపం వచ్చిన మాట నిజమే కానీ, సరుకు చూస్తే తప్పు మాదే. ఏరడానికి మా దగ్గర ఉన్నవి సుత్తి, అయస్కాంతం, మనిషి కన్ను. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదన్నారు, బండ్లు వస్తున్నాయి. వాటిని చిన్న ముక్కలుగా చీల్చి లోహాలను వేరుచేసే ష్రెడర్లు ఆ వేగంతో రాలేదు. టాటా స్టీల్ 2021లో హర్యానాలోని రోహ్‌తక్‌లో ఏటా 5 లక్షల టన్నుల తుక్కు కేంద్రాన్ని ప్రారంభించింది. మంచి పనే, కానీ దక్షిణాదిలో అలాంటిది ఎందుకు పెట్టకూడదు? కొలిమి మీద 27,000 కోట్లు పెట్టగలిగిన కంపెనీకి ఏరివేత మీద పెట్టుబడి భారం కాదు. నా దృష్టిలో ఈ వ్యూహంలో వెలితి అక్కడే ఉంది.

కృష్ణలంక వాసి:

పోర్ట్ టాల్బట్ మార్పుతో బ్రిటన్‌లో 2,800 వరకు ఉద్యోగాలు పోతాయని కంపెనీయే ప్రకటించింది. ఎలక్ట్రిక్ కొలిమికి కోక్ బట్టీలు, ఖనిజం పొడిని గడ్డకట్టించే సింటర్ ప్లాంటు అక్కర్లేదు, కనుక అక్కడి మనుషులూ అక్కర్లేదు. పని పోయినవారు ఏ తుక్కు కేంద్రంలో, ఏ జీతానికి చేరాలన్నది కూడా పెట్టుబడి లెక్కలో భాగం కావాలి. 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన విశాఖ ఉక్కును చూసినవాళ్లం, ఈ మాట అడగకుండా ఉండలేము.

లెక్కల మాస్టారు, బ్రాడీపేట:

కాటా గారి మాటతో నా ప్రశ్ననే మార్చుకోవలసి వచ్చింది. తుక్కు లేని చోట ఎలక్ట్రిక్ కొలిమి కట్టమనడం తొందరపాటని ఒప్పుకుంటున్నాను. కానీ కొలిమి గారూ, ఖనిజం చేరువలో ఉందన్న మీ ఆధారానికీ ఒక గడువు ఉంది. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం టాటా స్టీల్ పాత సొంత గనుల లీజులు 2030 మార్చి 31తో ముగుస్తాయి, ఆ తర్వాత వేలంలో పాడుకోవాలి. ఖనిజం ఖరీదయ్యే నాటికి ఏరిన తుక్కు చేతిలో ఉండాలంటే తుక్కు ఏరే యార్డులు ఇప్పుడే కట్టాలి కదా?

కొలిమి, పటమట:

ఆ గడువును నేను లెక్కలోకి తీసుకోలేదు, మీరు అన్నది సబబే. బ్లాస్ట్ ఫర్నేస్‌తో పాటు ఉండే, కరిగిన ఇనుమును ఉక్కుగా మార్చే కన్వర్టర్‌లో కూడా వేడి అదుపు కోసం తుక్కు వేస్తాము. శుభ్రమైన సరుకు దొరికితే ఆ తుక్కు వాటా పెంచవచ్చు, ఆ మేరకు బొగ్గు తగ్గుతుంది. కాటా గారి యార్డు కళింగనగర్ కొలిమికీ పనికొస్తుంది. కళింగనగర్ కట్టడం సరైనదేనన్న నా అభిప్రాయం మారలేదు. కానీ అక్కడి ఇటుక పొర మార్చే రోజు వచ్చినప్పుడు మళ్లీ బొగ్గుకే కట్టుబడాలా అన్న నిర్ణయం ఆ రోజున కాదు, యార్డులు కట్టే ఈ రోజుల్లోనే జరుగుతుందని మీ ఇద్దరి మాటల వల్ల నాకు తోచింది.