సైరెన్స్ కర్స్ రోలర్ కోస్టర్ ఎక్కినవాళ్లు ఉన్నారా? రెండు గంటలు డ్రైవ్ చేసి వెళ్తే నడుస్తుందా, ఆగిపోతుందా?

కొలంబస్_కోడలు:
అందరికీ నమస్తే. మేం కొలంబస్ దగ్గర ఉంటాం. మా తమ్ముడు ఎమ్మెస్‌కి ఆగస్టు మొదటి వారంలో దిగుతున్నాడు, క్లాసులు మొదలయ్యేలోపు సాండస్కీలోని అమ్యూజ్‌మెంట్ పార్కు సెడార్ పాయింట్‌కి తీసుకెళ్లమని ఇప్పట్నుంచే ప్రాణం తీస్తున్నాడు. వాడికి కావాల్సింది ఒక్కటే, 2025 జూన్ 28న తెరిచిన ఆ కొత్త కోస్టర్. మా ఆయనేమో అది పైన ఆగిపోయి జనం అలాగే కూర్చుండిపోయిన వీడియోలు చూసినప్పట్నుంచి వద్దంటున్నారు. అత్తయ్య కూడా ఇక్కడే ఉన్నారు, పాపకి ఏడేళ్లు. అంత దూరం వెళ్లాక గేటు ముందు "తాత్కాలికంగా మూసివేశాం" అనే బోర్డు చూసి రావాలంటే నాకూ ఒళ్లు మండుతుంది. ఎక్కినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. అసలు భయపడాల్సిందా, లేక కొత్తది కాబట్టి కొన్నాళ్లు ఇలాగే ఉంటుందా?

క్లీవ్‌లాండ్_బాబాయ్:
నాకు సీజన్ పాస్ ఉందమ్మా, ఇప్పటికి మూడుసార్లు ఎక్కాను. ఎత్తు 160 అడుగులే, ఆ పార్కులో 300 దాటినవి ఉన్నాయి కాబట్టి కింద నుంచి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. పైకెక్కాక తెలుస్తుంది అసలు సంగతి. బండి బల్లపరుపుగా ఉన్న ట్రాక్ మీదకి నెమ్మదిగా వచ్చి ఆగుతుంది, చూస్తే ముందు ట్రాక్ లేదు, తెగిపోయి ఉంది, అవతల ఆకాశం. అప్పుడు మనం కూర్చున్న ట్రాక్ ముక్క మొత్తం ముందుకి వాలడం మొదలుపెడుతుంది. గబుక్కున కాదు, ఆ నెమ్మదే చంపేస్తుంది. వీపు సీటుని వదిలేస్తుంది, బరువంతా తొడల మీదున్న బార్ మీదకి వస్తుంది, కాళ్లు చెప్పుల్లోంచి జారుతున్నట్టు ఉంటుంది, చివరికి ముక్కు సూటిగా నేల కనిపిస్తుంది. 90 డిగ్రీలు. అక్కడ ఒక్క క్షణం ఏమీ జరగదు. నాకు ఆ క్షణంలో మా ఇంటి గ్యాస్ కట్టేశానా అని అనుమానం వచ్చింది, నిజంగా.

వదిలాక గంటకి 58 మైళ్లు, రెండుసార్లు ఒళ్లంతా గిర్రున తిప్పేస్తుంది, సీట్లోంచి లేపే చోట్లు బోలెడు. దడదడ కొట్టదు, మెత్తగా పోతుంది. ముందు వరుస దొరికితే వదలొద్దు, ఆ తెగిన ట్రాక్ పూర్తిగా కనిపించేది వాళ్లకే. బండిలో సంగీతం కూడా పెట్టారు కానీ నాకు నా కేకలే వినిపించాయి.

పీఎల్సీ_పంతులు:
నేను మిషిగన్‌లో కార్ల ప్లాంట్లో ఆటోమేషన్ చూస్తాను కాబట్టి ఆగిపోవడం గురించి నాకు తోచింది చెప్తాను. మామూలు కోస్టర్‌లో కొండ దాటితే చాలు, మిగతాది భూమ్యాకర్షణే చూసుకుంటుంది. ఇందులో ట్రాకే కదులుతుంది. ఆ ముక్క వాలి, కింది ట్రాక్‌తో సరిగ్గా కలిసి, తాళం పడి, తాళం పడినట్టు సెన్సర్లు కంట్రోలర్‌కి చెప్తేనే బండిని వదులుతుంది. ఒక్క సెన్సర్ లేటుగా చెప్పినా, ఒకదానికొకటి పొంతన కుదరకపోయినా, "నాకు నమ్మకం లేదు" అని ఎక్కడిదక్కడ ఆపేస్తుంది. మనిషి వచ్చి చూసి సరే అంటేనే మళ్లీ కదులుతుంది. మా ప్లాంట్లో కొత్త లైన్ పెట్టినా మొదటి నెలలు ఇదే గోల, ఎండకి ఇనుము సాగుతుంది, అదురుకి సెన్సర్ వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది, రోజుకి నాలుగుసార్లు ఆగుతుంది. అన్నీ ఆగకుండా పోతుంటేనే నాకు టెన్షన్.

ఈ వాలే ట్రాక్ మరీ కొత్త ఐడియా కూడా కాదు. దీన్ని కట్టిన వెకోమా కంపెనీయే తైవాన్‌లో గ్రావిటీ మ్యాక్స్ అని 2002లోనే కట్టింది.

దీన్ని టాప్ థ్రిల్ 2 అనే కోస్టర్‌తో కలిపి మాట్లాడేవాళ్లని చూస్తే నాకు చిరాకు. అది అదే పార్కులో 2024 మే 4న తెరిచి, పది రోజులు తిరక్కుండానే మూతపడి ఆ సీజన్ అంతా మళ్లీ నడవలేదు. అక్కడ బండ్లలోనే మార్పులు చేయాల్సి వచ్చింది, అది సెట్టింగులతో పోయే జబ్బు కాదు. ఇక్కడ ఆగుతోంది, మళ్లీ అదే రోజు నడుస్తోంది. 2018లో అదే పార్కులో స్టీల్ వెంజెన్స్ అనే కోస్టర్ తెరిచిన మొదటి రోజే ఒక బండి వెళ్లి ఇంకో బండికి తగిలింది, కొన్నాళ్లు ఒక్క బండితోనే నడిపారు. ఇప్పుడు దానికే అందరూ దండం పెడుతున్నారు.

నేలమీదే_బాగుంది:
పంతులుగారు చెప్పింది నిజమే కావచ్చు గానీ, సేఫ్‌గా ఉండటం వేరు, హాయిగా ఉండటం వేరు. నేను వేరే రాష్ట్రంలో ఒక పార్కులో (పేరెందుకులెండి) కొండ ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగిపోయి ముప్పావు గంట కూర్చున్నాను. ప్రాణభయం ఏమీ లేదు. కానీ ఎక్కేముందు పెద్ద గ్లాసు నిమ్మరసం తాగాను. మిగతాది మీరే ఊహించుకోండి. పక్కనున్న తెల్లాయన నాకు జోకులు చెప్పడం మొదలుపెట్టాడు, నవ్వితే ఇంకా కష్టం. కాబట్టి అక్కా, లైన్లోకి వెళ్లేముందు అందరినీ బాత్రూంకి పంపించండి, నీళ్లు కొంచెమే తాగమనండి, టోపీ పెట్టుకుంటే ఎగిరిపోతుంది కాబట్టి సన్‌స్క్రీన్ రాసుకోమనండి.

క్లీవ్‌లాండ్_బాబాయ్:
నిమ్మరసం సంగతి బాగుంది 😂

అమ్మా, వెళ్లేది మంగళ, బుధవారాల్లో పెట్టుకో, శనివారం మాత్రం వద్దు. గేటు తీయగానే నేరుగా దానిదగ్గరికే నడవండి. ఆగి ఉంటే బయట నిలబడి ఎదురుచూడొద్దు, ఫోన్లో పార్కు యాప్ చూసుకుంటూ మిలీనియం ఫోర్స్ వైపు వెళ్లిపోండి, 2000లో కట్టిన 310 అడుగులది, మీ తమ్ముడికి ఆ ఒక్కదానితోనే టికెట్ డబ్బులు వచ్చేస్తాయి. ఇంకోటి, ఆ పార్కు మూడు వైపులా ఈరీ సరస్సే. గాలి గట్టిగా వీచినా, ఉరుము వినిపించినా ఎత్తైనవన్నీ ఆపేస్తారు, దానికి కొత్తదీ పాతదీ అని తేడా లేదు. ముందురోజు రాత్రి వాతావరణం చూసుకుని బయల్దేరండి. పాప ఎత్తు 48 అంగుళాలు ఉండాలి, అక్కడికెళ్లి కొలిపించి ఏడిపించడం కన్నా ఇంట్లోనే గోడకి నిలబెట్టి చూడండి.

కొలంబస్_కోడలు:
అందరికీ చాలా థాంక్స్. పంతులుగారు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను, "సెన్సర్ అంటే సరే" అన్నారు, కానీ తను మాత్రం ఎక్కరట, బ్యాగులు చూసుకుంటారట. బుధవారానికి సెలవు పెట్టాం. పులిహోర కారులోనే ఉంచుతాను.

పాపని ఇప్పుడే గోడకి నిలబెట్టి కొలిచాను. 47న్నర. గంట నుంచి ఏడుపు. అత్తయ్య మాత్రం నాకు తోడు దొరికిందని సంబరపడిపోతున్నారు. పాప ఇప్పుడొచ్చి కొప్పు నడినెత్తిన వేస్తే లెక్కలోకి వస్తుందా అని అడుగుతోంది.